బహ్రెయిన్‌లో వాల్టర్ గారి ఆదివారం

2007 జనవరి 30, మంగళవారం సాయంత్రం నర్సాపురంలో రైలెక్కాను. బహ్రెయిన్ వెళ్ళాలన్న కోరిక నాకు ఎప్పుడూ లేదు. మా చెల్లెలు సుగుణ అక్కడి ఆసుపత్రిలో ఇరవై నాలుగేళ్ళుగా నర్సు. ప్రతి క్రిస్మస్‌కూ ఫోన్ చేసి రమ్మనేది. నేను ముప్పై మూడేళ్ళు మిషన్ హైస్కూల్లో లెక్కలు చెప్పి, పదవీ విరమణ చేసి పదేళ్ళు దాటినా సెలవు లేదనే అనేదాన్ని. ఈసారి అది మాట మార్చింది.

“అక్కా, మార్చి ఆఖరుకి నేనే వచ్చేస్తున్నాను. తర్వాత నువ్వు ఎంత ఆశపడి వచ్చినా ఇక్కడ తలుపు తీసేవాళ్ళుండరు.”

అరవై తొమ్మిదో ఏట పాస్‌పోర్టు తీసుకున్నాను. రానుపోను టికెట్ పందొమ్మిది వేల నాలుగు వందలు. సందర్శకుల వీసా సుగుణ పంపింది. బుధవారం పొద్దున సికిందరాబాదులో దిగి, సాయంత్రం బేగంపేట నుంచి ముంబయి చేరి, విమానాశ్రయం కుర్చీలో కునుకు తీసి, ఫిబ్రవరి 1, గురువారం ఉదయం 7.10కి బహ్రెయిన్ విమానం ఎక్కాను. వెళ్ళబోయేవారికి నా మొదటి సలహా: రెండు కలాలు పట్టుకెళ్ళండి. విమానంలో ఫారం ఇస్తారు, కలం ఇవ్వరు. నా దగ్గర కలం కనబడగానే వెనక వరుసల నుంచి పాస్‌పోర్టులు చేతులు మారుతూ నా ఒళ్ళోకి వచ్చాయి. మొత్తం పదకొండు నింపాను. అందరూ నిజామాబాదు, జగిత్యాల వైపు కూలిపనివాళ్ళు. పక్క సీటులో లింబాద్రి అనే నడివయసు మనిషి. హిద్ దగ్గర ఓడరేవు పనిలో ఉన్నాడట.

“ఎక్కడికి వెళ్తున్నావని రాయమంటావు?” అని అడిగాను.

“దుబాయి, అమ్మా.”

కలం ఆపేశాను. “ఇది బహ్రెయిన్ వెళ్ళే విమానమయ్యా!”

“ఔ, బహ్రెయినే. బహ్రెయిన్ దుబాయి.”

“మరి దుబాయిని ఏమంటారు?”

“గది దుబాయి దుబాయి,” అన్నాడు, ఇంత చిన్న విషయం టీచరుకు తెలియదా అన్నట్టు. ఫారంలో మాత్రం నేను బహ్రెయిన్ అనే రాశాను.

అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. 8.20కి దిగాం. ఎడారి అనగానే ఎండ అనుకొని పల్చటి చీరలు సర్దుకెళ్ళాను. ఫిబ్రవరిలో అక్కడ స్వెట్టరు కావాలి. ఇది రెండో సలహా. విమానాశ్రయం నుంచి ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని సుగుణ గది వరకు కారులో ఇరవై రెండు నిమిషాలు. కింద లాండ్రీ, దాని పక్కన మలయాళీ టీ దుకాణం, మెట్లు ముప్పై ఆరు, లిఫ్టు లేదు.

కారు నడిపినవాడు ఏసుపాదం. రాజోలు మనిషి, యాభై దాటాయి. తుబ్లీలో ఏసీలు బాగుచేసే వర్క్‌షాపులో మేస్త్రీ. తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌కు కార్యదర్శి కూడా. దారిలో నాలుగుసార్లు అద్దంలోంచి నన్ను చూసి గొంతు సవరించుకున్నాడు. అయిదోసారి అడిగాడు.

“టీచరుగారండీ, మీకు ఇంగ్లీషు ఎలా వచ్చండీ?”

“వచ్చినంత వచ్చు. ఎందుకు?”

“ఆయ్, వచ్చే శుక్రవారం ఒక అమెరికా ఆయన్ని మన సభలో తన జీవిత సాక్ష్యం చెప్పడానికి పిలిచానండి. పక్కన నిలబడి తర్జుమా చెయ్యడానికి మనిషి లేరండి. సుగుణమ్మగారు మీ పేరు చెప్పారండి.”

నా పక్కన కూర్చున్న సుగుణ కారు కిటికీలోంచి సముద్రాన్ని చూస్తోంది. ఆ ప్రయాణానికి అసలు కారణం నాకు అప్పుడు తెలిసింది.

గల్ఫులో సెలవు శుక్రవారం. కాబట్టి మనవాళ్ళ ఆరాధన కూడా శుక్రవారమే. మర్నాడే చూశాను: తుబ్లీలో టైర్ల దుకాణం మీద హాలు, మగవాళ్ళు నలభై ఆరుగురు, ఆడవాళ్ళు పదకొండుమంది, పిల్లలు తొమ్మిదిమంది. పిల్లలను పక్క గదికి తీసుకెళ్ళి పాఠం చెప్పారు. దాన్ని సండే స్కూల్ అంటున్నారు. “శుక్రవారం జరిగేదాన్ని సండే స్కూల్ ఎలా అంటారు?” అని సుగుణను అడిగితే, “వచ్చిన రెండో రోజే మొదలెట్టకు అక్కా,” అంది.

సాక్ష్యం చెప్పబోయే మనిషిని ముందే కలిస్తే మాటలు తడబడవని సోమవారం, 5వ తేదీ, ఏసుపాదంతో కలిసి వెళ్ళాను. ఆయన ఉండేది మా వీధికి మూడు వీధుల అవతలే. నడిస్తే తొమ్మిది నిమిషాలు. దారిలో అడిగాను, ఈయన నీకెలా తెలుసని.

“హోటల్లో ఏసీ చెడిపోతే వెళ్ళానండి. గోడ మీద ఈయన బొమ్మ, కింద ‘సోల్ సింగర్’ అని రాసుందండి. సోల్ అంటే ఆత్మే కదండీ? ఇంత ఆత్మల భారం ఉన్న మనిషి పాపం హోటల్లో మరుగున పడిపోయాడేంటా అని నాకు మనసాగలేదండి. అక్కడే స్తోత్రం చెప్పి పిలిచేశానండి.”

తలుపు తీసిన మనిషి ఆరడుగుల పైన ఉన్నారు. నల్లటివారు, పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, ఇస్త్రీ చొక్కా, కాళ్ళకు హవాయి చెప్పులు. పేరు వాల్టర్. వయసు అరవై ఏడు. స్వయంగా టీ పెట్టి ఇచ్చారు, ఖర్జూరాలు పెట్టారు. గోడ మీద అయిదుగురు కుర్రవాళ్ళు ఒకే రకం కోట్లలో, ఒకే వైపు మోచేయి తిప్పి నిలబడ్డ ఫోటో ఉంది.

“ఇదే మా బృందం. కుడి చివర నేను. శుక్రవారం మొత్తం పన్నెండు పాటలు పాడతాను. మీ వాళ్ళు డాన్సు చేస్తారా?” అని అడిగారు.

ఏసుపాదానికి ఇంగ్లీషులో డాన్సు అన్న ముక్క ఒక్కటి అర్థమైంది. “దావీదు రాజు దేవుడి ముందు ఆడిన డాన్సు గురించి చెప్తున్నారాండీ?” అన్నాడు నాతో, ముఖం వెలిగిపోతూ.

ఏం జరిగిందో అర్థమవడానికి నాకు అరగంట పట్టింది. సోల్ అనేది ఒక రకం పాట. అమెరికాలో నల్లవారి చర్చిల్లో పాడే తీరునే పట్టుకొచ్చి ప్రేమపాటల్లో పెట్టారు. గొంతు అదే, చప్పట్లు అవే, దేవుడి చోట అమ్మాయి. ఏసుపాదం ఆయన్ని సువార్త చెప్పే మనిషి అనుకున్నాడు. ఆయన మా ఫెలోషిప్‌ను పాత పాటల అభిమానుల సంఘం అనుకున్నారు. నేను ఇంగ్లీషులో ఆయనకు నిజం చెప్పాను. తెలుగులో ఏసుపాదానికి చెప్పబోయి, అతని ముఖం చూసి, “ఈయన చిన్నప్పుడు చర్చి క్వయర్‌లో పాడారట,” అన్నాను. అది కూడా నిజమే. వాల్టర్ గారు పగలబడి నవ్వారు. “పదిహేనేళ్ళు పాడాను సిస్టర్. సాక్ష్యమే చెప్తాను. సాక్ష్యానికి తగ్గ బతుకే నాది,” అన్నారు.

తర్వాత సొరుగులోంచి ఒక కవరు తీశారు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆ బృందం పేరు నేను రాయడం లేదు. వాల్టర్ గారు వద్దన్నారు. సంగతి ఇదీ. 1962 మార్చి మొదట్లో ఆ అయిదుగురు తమ మొదటి రికార్డు చేశారు. రెండు వారాలకే వాల్టర్ గారి తల్లి మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకుంది. చూసుకోవడానికి ఆయన బృందం వదిలేసి ఇంటికెళ్ళారు. ఆయన స్థానంలో ఇంకొకరిని తీసుకున్నారు. వేసవిలో రికార్డు బయటికొచ్చేసరికి అట్ట మీద ఫోటో కొత్త మనిషిది, పేరు కొత్త మనిషిది. లోపల గొంతు మాత్రం వాల్టర్ గారిది. ఆయన అప్పుడు లాండ్రీ వ్యాను నడుపుతున్నారు. ఒక మధ్యాహ్నం వ్యాను రేడియోలో తన గొంతు వినబడితే, రోడ్డు పక్కన ఆపి, పాట అయ్యేదాకా విని, తర్వాత దుప్పట్లు ఇవ్వడానికి వెళ్ళారట. ఆ బృందం తర్వాత చాలా పేరు తెచ్చుకుంది. ఈయన ఓడల్లో వంట చేశారు, చిన్నచిన్న బ్యాండుల్లో పాడారు, 1985లో ఒక హోటల్ బ్యాండుతో బహ్రెయిన్ వచ్చారు. బ్యాండు వెళ్ళిపోయింది, ఈయన ఉండిపోయి అదే హోటల్లో వారానికోసారి పాడుతున్నారు.

ఇప్పుడు అమెరికాలో ఒక కంపెనీ ఆ పాత రికార్డును మళ్ళీ వేస్తోంది, ఈసారి చిన్న పుస్తకం జతచేసి, పాడినవారి అసలు పేర్లతో. వాల్టర్ గారు ఉత్తరం రాశారు, అయిదో గొంతు నాదని. ఏ రోజు పాడారో చెప్పమని వాళ్ళు అడిగారు. శుక్రవారం అని రాశారు. స్టూడియో కాగితాల్లో ఆదివారం అని ఉంది. మళ్ళీ అడిగారు. మళ్ళీ శుక్రవారమే అని రాశారు. రోజు సరిపోవడం లేదు కాబట్టి అయిదో పేరు ముద్రించలేమనీ, ఏమైనా చెప్పదలిస్తే ఫిబ్రవరి ఆఖరులోగా చెప్పమనీ ఆ కవరులో ఉంది.

“స్టూడియోవాళ్ళ కాగితం ఆ రోజు రాసినదేనా?” అని అడిగాను.

“అవును.”

“మరి మీరు నలభై అయిదేళ్ళ తర్వాత గుర్తు చేసుకుంటున్నారు. కాగితమే సరైనది. మీరు పొరబడ్డారు.”

“నా తల్లి పేరు ఎంత ఖాయమో అది శుక్రవారమన్నది అంత ఖాయం, మేడమ్,” అన్నారు. అంతవరకు సిస్టర్‌ను. టీ రెండో కప్పు అడగలేదు. ఏసుపాదానికి మాత్రం పోశారు.

మెట్లు దిగుతుంటే ఏసుపాదం, “బాగా కోపమొచ్చినట్టుందండీ?” అన్నాడు. తప్పును తప్పనకపోతే నాకు ఆ రాత్రి అన్నం సహించదు. అన్నందుకు కూడా ఆ రాత్రి సహించలేదు.

మంగళ, బుధ, గురువారాలు ఊరు చూశాను. పాత కోట చూడదగ్గది. నీడ లేదు, గొడుగు పట్టుకెళ్ళండి. బస్సు ఎక్కి హిద్ వెళ్ళి, చేపలవాళ్ళ పడవలు, దూరంగా ఓడల్లోంచి సరుకు ఎత్తే క్రేన్లు చూశాను. బస్సులో ఒక బంగ్లాదేశ్ ఆయన నాకు సీటు ఇచ్చి, “బైఠో అమ్మా,” అని, నేను దిగేదాకా నా సంచీ పట్టుకొని నిలబడ్డాడు. అయినా ఎక్కడ తిరుగుతున్నా ఆ కవరే కళ్ళముందు మెదిలింది. సుగుణకు చెప్తే, “ఆయన పేరు పుస్తకంలో పడితే నీకేం నష్టం అక్కా? ఆదివారమని రాసేయమను, పోతుంది,” అంది. గుర్తులేనిదాన్ని గుర్తుందని రాయమని నేనెలా చెప్తాను?

ఫిబ్రవరి 9, శుక్రవారం. ఆరాధన 9.30కి మొదలు. వాల్టర్ గారు బూడిదరంగు సూటులో వచ్చి, చెప్పులు బయట విడవాలని తెలుసుకొని, ఎర్ర మేజోళ్ళతో ముందు వరుసలో కూర్చున్నారు. నాకు మర్యాదగా తల వంచారు, అంతకుమించి పలకరింపు లేదు. 10.45కి ఏసుపాదం లేచి, “ఆత్మల భారంతో దేశదేశాలు తిరిగిన దైవజనులు” అని పరిచయం చేశాడు. దీన్ని నేను ఇంగ్లీషులోకి తర్జుమా చేయలేదు.

మనవాళ్ళ సభల్లో తర్జుమా అంటే వక్త ఒక వాక్యం, పక్కవారు ఒక వాక్యం. వాల్టర్ గారికి అది అలవాటు లేదు. ఒక్కసారి మొదలుపెడితే పది వాక్యాలు వరదలా వచ్చేవి. నేను కోటు చేయి పట్టి ఆపాల్సి వచ్చింది. క్వయర్‌లో చేరినప్పుడు ఏడేళ్ళన్నారు. పేదరికం గురించి చెప్పారు. 1960 అక్టోబరులో నలుగురు స్నేహితులు వీధి మలుపులో పాడుతుంటే అయిదోవాడిగా కలిసిన సంగతి చెప్పారు.

“సుదీర్ఘమైన మూడేళ్ళు వాళ్ళతో ఉన్నాను,” అన్నారు.

“పదిహేడు నెలలు వాళ్ళతో ఉన్నాను,” అన్నాను నేను తెలుగులో.

ఆయన ఆగారు. “సిస్టర్, నా వాక్యం ఇంకొంచెం పొడుగ్గా ఉన్నట్టుంది. మీరు మూడేళ్ళనే అన్నారా?”

“లేదు. అక్టోబరు నుంచి మార్చి వరకు, మధ్యలో ఒక ఏడాది. పదిహేడు నెలలు. మీరు మూడు కేలెండర్లు చూశారు, మూడేళ్ళు కాదు.”

ఇంగ్లీషు వచ్చిన నలుగురు ముందు నవ్వారు. వాళ్ళు మిగిలినవాళ్ళకు చెప్పాక హాలంతా నవ్వింది. వాల్టర్ గారు కూడా నవ్వి, రెండు చేతులూ ఎత్తేశారు. అక్కడినుంచి ప్రతి సంఖ్యకు ముందు నావైపు చూసి, నేను తలూపాకే ముందుకెళ్ళారు.

తర్వాత రికార్డు చేసిన రోజు దగ్గరికి వచ్చారు. గొంతు తగ్గించారు. “ఆ శుక్రవారం పొద్దున మేం అయిదుగురం చర్చిలో పాడాం. ప్రసంగం అయ్యింది, ఆరాధన ముగిసింది. క్వయర్ అంగీలు విప్పి కారు డిక్కీలో పడేసి, అన్నాలు కూడా తినకుండా నేరుగా స్టూడియోకి వెళ్ళాం.”

నేను చెప్పాను: “ఆ శుక్రవారం పొద్దున ఆరాధన ముగిశాక, అన్నాలు తినకుండా నేరుగా స్టూడియోకి వెళ్ళాం.”

“ఆమెన్,” అన్నారు అందరూ. ఒక్కరికీ అనుమానం రాలేదు. శుక్రవారం ఆరాధన ముగియడం, అన్నాలకు ఆలస్యం కావడం వాళ్ళకు ప్రతివారం ఉండేదే. వాల్టర్ గారు తర్వాతి వాక్యానికి నోరు తెరిచారు. నేను ఆయన కోటు చేయి వదల్లేదు.

“వాల్టర్ గారూ, మీ ఊళ్ళో ఆరాధన శుక్రవారమా?”

“అవును సిస్టర్, చర్చి అంటే ఎప్పుడూ శుక్రవా...”

ఇరవై రెండేళ్ళుగా ఆయన చర్చికి వెళ్తున్నది శుక్రవారం. సెలవు శుక్రవారం. చొక్కా ఇస్త్రీ చేసుకునేది శుక్రవారం కోసం. తలలో చర్చి రోజు పేరు మెల్లగా మారిపోయింది, చిన్ననాటి చర్చితో సహా. ఆయన గుర్తుంచుకున్నది చర్చి రోజును. దానికి రాసిన పేరు బహ్రెయిన్‌ది.

“ఆదివారం,” అన్నారు నెమ్మదిగా. తర్వాత గట్టిగా, “ఆదివారం! అమ్మో, అది ఆదివారం!” అని నుదురు కొట్టుకున్నారు.

ఏసుపాదం కంగారుగా లేచాడు. “ఏమైందండీ? మనది కూడా శుక్రవారమే కదండీ?”

నేను కవరు సంగతి మొదటినుంచి తెలుగులో అందరికీ చెప్పాను. సోమవారం నేను ఆయన్ని పొరబడ్డారన్నానని కూడా చెప్పాను. పొరబాటు పేరులోనే, రోజులో కాదు. ఆ మాట ఆయనకు ఇంగ్లీషులో, అందరి ముందూ చెప్పాను. ఆయన నా చేయి రెండు చేతులతో పట్టుకొని ఊపారు. మోచేయి రెండు రోజులు నొప్పి పెట్టింది.

తర్వాత ఆ పాట పాడమన్నారు జనం. నాకు భయం వేసింది, ఎందుకంటే అందులో ప్రతి రెండో మాట ‘బేబీ’. ఆయన మొదట నోరు మూసుకొని లోతుగా ఒక కూనిరాగం తీశారు, నేల కిందినుంచి వస్తున్నట్టు. “రికార్డులో ఇది నేనే,” అన్నారు మధ్యలో. తర్వాత గొంతెత్తారు. ఏసుపాదం నా చెవిలో, “బేబీ అంటే బాలయేసే కదండీ?” అని గుసగుసలాడాడు. నేను అబద్ధం చెప్పలేదు. జనానికి ఇంతే చెప్పాను: “ఎవరినో ఇంటికి తిరిగి రమ్మని పిలుస్తున్నారు.”

హాల్లో ఉన్నవాళ్ళు రెండేళ్ళకొకసారి నలభై అయిదు రోజుల సెలవుకు ఇంటికి వెళ్ళే మనుషులు. వెనక వరుసలో ఇద్దరు తల వంచుకొని కళ్ళు తుడుచుకున్నారు. పాట అయ్యాక ఒకాయన, “మంచి ఆరాధన పాట తల్లీ,” అన్నాడు. కాదనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

శనివారం, 10వ తేదీ, తుబ్లీలో ఏసుపాదం వర్క్‌షాపులోని కంప్యూటరు ముందు కూర్చొని ఉత్తరం రాశాం. నేను చెప్పడం, సుగుణ టైపు చేయడం. వాల్టర్ గారు ఎప్పుడు చేరారు, ఎప్పుడు వదిలారు, ఆ ఆదివారం ఆరాధన ఎన్నింటికి ముగిసింది, స్టూడియోకి ఎంత దూరం, కారు ఎవరిది, అన్నీ. గుర్తులేనిచోట ‘గుర్తులేదు’ అని రాయించాను. వాల్టర్ గారు ఒకచోట బతిమాలారు, “సిస్టర్, అన్నిసార్లు గుర్తులేదంటే నమ్ముతారా?”

“అన్నీ గుర్తున్నాయంటేనే నమ్మరు,” అన్నాను.

బహ్రెయిన్‌లో ఆరాధన శుక్రవారమే జరుగుతుందని నిరూపించాలి కదా అని ఏసుపాదానికి ఆలోచన వచ్చింది. ‘మేమందరం శుక్రవారమే చర్చికి వెళ్తాం’ అని ఇంకో కాగితం మీద రాసి, ఫెలోషిప్‌లో నలభై ఒక్కమంది చేత సంతకాలు పెట్టించాడు, చాలావరకు తెలుగులో. కింద వర్క్‌షాపు రబ్బరు ముద్ర కొట్టాడు. అమెరికాలో ఆ కాగితం చూసినవారు ఏమనుకున్నారో నాకు తెలియదు. ఉత్తరం, ఇదీ కలిపి ఫ్యాక్సు చేశాం. అందినట్టు చీటీ కూడా వచ్చింది, సాయంత్రం 4.25కి.

పన్నెండు రోజులు జవాబు లేదు. ఆ రోజుల్లో వాల్టర్ గారు మాకు సౌదీ వంతెన చూపించారు, ఎడారిలో ఒంటరిగా నిలబడ్డ ముసలి చెట్టు చూపించారు. సుగుణ పులిహోర చేసి తెచ్చింది. ఆయన మూడుసార్లు వడ్డించుకున్నారు. ఎక్కడికెళ్ళినా సాయంత్రం అయ్యేసరికి, “ఏసుపాదానికి ఒకసారి ఫోన్ చేద్దామా?” అనేవారు.

ఫిబ్రవరి 22, గురువారం, సాయంత్రం నాలుగింటికి ముప్పై ఆరు మెట్లు ఎక్కి ఆయనే వచ్చారు. చేతిలో కంప్యూటరు నుంచి తీసిన కాగితం. పేరు వేస్తామని జవాబు. సుగుణ చప్పట్లు కొట్టింది. ఆయన కూర్చోలేదు.

“ఇంకో ప్రశ్న అడిగారు,” అన్నారు.

పాట మొదట్లో వచ్చే ఆ కూనిరాగం ఎవరిదో స్టూడియో కాగితాల్లో లేదట. బతికున్న ఇంకొక సభ్యుడికి గుర్తులేదట. అది వాల్టర్ గారిదా అని అడిగారు. అవునంటే ఆ మాట కూడా పుస్తకంలో వేస్తారు.

“ఇందులో అడగడానికేముందండీ, మీదే కదా,” అంది సుగుణ. “హోటల్లో ప్రతివారం అదే చెప్తానని మీరే అన్నారు కదా.”

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. కింద లాండ్రీవాడు ఎవరితోనో “ఖలాస్, ఖలాస్” అంటూ గొడవపడుతున్నాడు. నేను కాగితం బల్ల మీద పరిచి, కలం మూత తీసి కూర్చున్నాను. ఒక్క మాట కూడా అందించలేదు. అది ఎవరూ సరిచూడలేని లెక్క.

“రాయండి సిస్టర్,” అన్నారు చివరకు. “ఆ కూనిరాగం నాది కాదు. మా లూథర్‌ది. లోతు గొంతు వాడిదే. వాడు పోయి ఇరవై ఏళ్ళయింది. ఆ కూనిరాగమే పాటలో మొదటి వరుస. నేను రెండో వరుసలో కలుస్తాను.”

“మరి హోటల్లో?”

“వచ్చిన కొత్తలో ఒకాయన అది నేనే అనుకున్నాడు. నేను కాదనలేదు. తర్వాత నేనే చెప్పడం మొదలుపెట్టాను. చెప్పీ చెప్పీ, మీ వాళ్ళ ముందు కూడా చెప్పాను.” కుర్చీలో కూలబడ్డారు. “అట్ట మీద నా చోట ఇంకొకడు నవ్వుతుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. లూథర్‌కు కూతురుంది. ఆ పుస్తకం కొంటుంది.”

‘కూనిరాగం లూథర్. రెండో వరుస నుంచి వాల్టర్’ అని రాశాను. ఆయన చదివి, లూథర్ ఇంటిపేరు స్పెల్లింగులో ఒక అక్షరం సరిచేసి, సంతకం పెట్టారు. నా తప్పు ఒకరు దిద్దడం ఆ నెలలో అదొక్కటే. తర్వాత ఆయన టీ అడిగారు. సుగుణ పెట్టింది. రెండు కప్పులు తాగారు.

ఫిబ్రవరి 28, బుధవారం మధ్యాహ్నం బహ్రెయిన్‌లో విమానం ఎక్కి, ముంబయిలో మారి, మార్చి 1, గురువారం సాయంత్రం సికిందరాబాదులో నర్సాపురం రైలెక్కాను. మొత్తం ఇరవై ఎనిమిది రోజులు దేశం బయట ఉన్నాను. ఆ దేశం చిన్నది. ఈ చివర నుంచి ఆ చివరకు గంటలో వెళ్ళొచ్చు. చూడవలసినవన్నీ నాలుగు రోజుల్లో అయిపోతాయి. కానీ మనుషులు అక్కడికి చాలా దూరాల నుంచి వచ్చి ఉన్నారు. వాళ్ళతో మాట్లాడాలనుకుంటే నెల పెట్టుకొని వెళ్ళండి.

ఎదుటి బెర్తులో తణుకు ఆవిడ, పెళ్ళికి వెళ్ళి వస్తోందట. అన్నాలు అయ్యాక అడిగింది.

“దుబాయి సైడు వెళ్ళొచ్చారా? ఏం చూశారండీ?”

కోట చెప్పాను, వంతెన చెప్పాను, చెట్టు చెప్పాను. తర్వాత వాల్టర్ గారి సంగతి చెప్పాను. రైలు కాజీపేట దాటేదాకా ఆవిడ వింది.

“అంత కథ ఉన్న పాట ఎలా ఉంటుందండీ? ఒకసారి అనండి, ఎవరూ వినరులే.”

పైబెర్తులో ఇద్దరు మేలుకొనే ఉన్నారు. అయినా గొంతు సవరించుకున్నాను. మొదట వచ్చేది లూథర్ భాగం, దాని జోలికి వెళ్ళలేదు. అది ఎంతసేపు ఉంటుందో మనసులోనే లెక్కపెట్టుకొని, రెండో వరుస నుంచి అందుకున్నాను.